నాలుగేళ్ళ గడి

డిగ్రీ తెచ్చుకోవడానికి మియెన్‌కు నాలుగేళ్ళు పట్టింది. దాన్ని వదిలించుకోవడానికి ఒక్క రోజే ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఊరి పాలన చూసే కమ్యూన్ ఆఫీసు కిటికీ మూస్తారు. శనివారం పొద్దున పదింటికి బూట్ల ఫ్యాక్టరీ వాళ్ళు దరఖాస్తులు తీసుకోవడం ఆపేస్తారు. ఈలోగా ఆమె జీవిత వివరాల పత్రం మీద ఎర్ర ముద్ర పడాలి. పడితే సోమవారం నుంచి పని. పడకపోతే ఇంట్లో గోడలు చూస్తూ ఇంకో వేసవి.

ఆ పత్రం సంగతి ఎవరికి తెలియదు! నాలుగు పేజీలు, చేత్తో నింపాలి. తాతల కాలం నుంచి ఇంట్లో ఎవరేం చేశారో రాయాలి. రెండో పేజీలో చదువెంత అని ఒక గీత ఉంటుంది. మూడో పేజీ అంతా గడులు: ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు. చివర్లో సంతకం, దాని పక్కన సొంత ఊరి ఆఫీసు ముద్ర. ముద్ర లేని పత్రం ఎండు చేపలు చుట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

చదువెంత అన్న గీత మీద మియెన్ 'పన్నెండో తరగతి' అని రాసింది. అది అబద్ధం కాదు. పన్నెండు పాసవకుండా హనోయిలో అకౌంటింగు డిగ్రీ ఎవరిస్తారు? ఆ తర్వాతి మాట రాయలేదు, అంతే. రాస్తే ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గరే తిప్పి పంపుతారు. డిగ్రీ చదివినవాళ్ళు మూడు నెలలకే పారిపోతారనీ, ఉన్నన్నాళ్ళూ కార్మిక చట్టం పేజీలు తిరగేస్తూ పక్కవాళ్ళ బుర్రలు పాడు చేస్తారనీ వాళ్ళకు గట్టి నమ్మకం. డిగ్రీ కావాలనేవాడు రెండేళ్ళ అనుభవం తెమ్మంటాడు. అనుభవం ఇవ్వగలిగినవాడు డిగ్రీ ఉంటే రావద్దంటాడు. ఇద్దరూ కూడబలుక్కుని పెట్టుకున్న నియమంలా ఉంటుంది చూసేవాళ్ళకి.

మియెన్ ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. హనోయిలో తొమ్మిది నెలలు చెప్పులరిగేలా తిరిగింది. ఒక బ్యాంకులో ఒక్క ఉద్యోగం ఉందంటే నాలుగు వందల మంది వచ్చారు. ఆమె చేతికి రెండు వందల పదిహేడో నంబరు చీటీ ఇచ్చారు. నూట యాభై దాటకముందే, ఆ కుర్చీ మేనేజరుగారి మేనల్లుడిదని మెట్ల మీద గుసగుసలు వినిపించాయి. ఇంకో చోట ఆరు నెలలు ఊరికే పని చెయ్యి, తర్వాత చూద్దామన్నారు. మూడో చోట అమ్మాయిలు కనీసం నూట అరవై సెంటీమీటర్ల పొడవుండాలన్నారు. "అకౌంట్లు రాయడానికి పొడవెందుకండీ?" అని అడిగి ఆ అవకాశం కూడా పోగొట్టుకుంది. పాల టీ కొట్టులో కొన్నాళ్ళు కప్పులకు మూతలు బిగించింది. మార్చిలో సంచి సర్దుకుని ఇంటికొచ్చేసింది.

ఇంటికొచ్చాక నిలకడ పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. ఏప్రిల్లో ఒక బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళింది. అక్కడ బల్ల దగ్గరి ఆవిడ పత్రం తిప్పి చూసి, "ఈ నాలుగేళ్ళు ఖాళీగా వదిలేశావేం? జైల్లో ఉన్నావా?" అంది. నలుగురి ముందూ ఆ మాట అనేసరికి మియెన్‌కు ఒళ్ళు మండి, "యూనివర్సిటీలో ఉన్నాను" అని ఠపీమని చెప్పేసింది. ఆవిడ నవ్వుతూ పత్రం మడిచి చేతికిచ్చింది. జైల్లో ఉన్నానంటే తీసుకునేవారేమో.

ఈసారి దారి చెప్పింది థోవా. చిన్నప్పటి స్నేహితురాలు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, ఇప్పుడు అదే బూట్ల ఫ్యాక్టరీలో నలభై మంది పనిచేసే లైనుకు పెద్దగా ఉంది.

"ఒసేయ్, గడి ఖాళీగా ఉంచావో చచ్చావే" అని ఫోన్లో ముందే హెచ్చరించింది. "ఏదో ఒకటి రాసెయ్. కింద మీ ఊరి ముద్ర ఉంటే ఇక్కడెవడూ నోరెత్తడు. ఇంకోటి, అక్షరాలు మరీ అచ్చేసినట్టు రాయకు. చేతిరాత చూసే కనిపెట్టేస్తారు దొంగముండలు."

థోవా చెప్పింది బాగానే ఉంది. ఊరి ముద్ర దగ్గరే వచ్చింది చిక్కు. మియెన్‌కు డిగ్రీ వచ్చిన సంగతి ఊళ్ళో పురిటి బిడ్డకు కూడా తెలుసు. ఎందుకంటే ఊళ్ళో స్తంభాలకు కట్టిన కమ్యూన్ మైకులో రోజూ పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఐదుకు వార్తలు చదివేది వాళ్ళ నాన్న హో ఖామ్. పోయినేడాది జూన్‌లో మూడు రోజుల పాటు ఆయన స్తంభాలన్నీ మోగేలా చదివాడు: పందులకు టీకాలు, రెండో వాడలో కరెంటు కోత, "నాలుగో వాడకు చెందిన హో ఖామ్ గారి కుమార్తె కుమారి హో థి మియెన్ పట్టభద్రురాలైనందుకు అభినందనలు." తన గురించి తనే గారు అని చదువుకున్నందుకు టీ కొట్టుల దగ్గర నెల రోజులు నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

కిటికీ అవతల కూర్చునేది వూంగ్, నాన్నకు పినతండ్రి కొడుకు. కాగితం ఏదైనా సరే పైకి చదవకపోతే ఆయనకు అర్థం కాదు.

"హో థి మియెన్. పుట్టింది రెండు వేల సంవత్సరం. చదువు, పన్నెండో తరగతి..." ఆగి, కళ్ళజోడు మీదుగా చూశాడు. "ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే బాబాయ్. కాస్త మెల్లగా చదువు."

"మెల్లగా దేనికి? మీ నాన్న మూడు రోజులు అరిచింది నేను ఇప్పుడు మెల్లగా చదివితే ఊరు మర్చిపోద్దా?"

వెనక వరసలో అరడజను మంది ఉన్నారు. బాతులు పెంచే స్వాన్ అత్త మనవడి పుట్టిన తేదీ రాయించడానికి వచ్చి అందరికంటే ముందుంది. మెడ చాచి పత్రంలోకి తొంగి చూసింది.

"ఏంటేంటీ, పిల్ల డిగ్రీ దాస్తోందా? మా చిన్నోడు లేని డిగ్రీ ఉందని చెప్పి పెళ్ళి చేసుకున్నాడు. ఉన్నది లేదని చెప్పే రోజులు కూడా వచ్చాయన్నమాట!"

వరసంతా గొల్లుమంది. మియెన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరినీ తిట్టలేక కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుంది.

వూంగ్ మూడో పేజీ తీశాడు. "రెండు వేల పద్దెనిమిది సెప్టెంబరు నుంచి రెండు వేల ఇరవై రెండు జూన్ దాకా..." వేలితో గడి తడిమాడు. "ఏమీ లేదిక్కడ."

"ఏం రాయాలో తోచలేదు బాబాయ్. ఇక్కడే రాద్దామని."

"ఖాళీ గడి మీద ముద్ర వెయ్యను. రేపు నువ్వు అందులో మంత్రి పదవి అని రాసుకుంటే నా ఉద్యోగం ఊడుద్ది."

"అయితే ఇంటి దగ్గర వ్యవసాయం అని రాస్తా."

"నాలుగేళ్ళు వ్యవసాయం! ఒక్క వేరుశెనగ మొక్క పీకడం ఎవడైనా చూశాడా నిన్ను?" అన్నాడు వూంగ్. మళ్ళీ నవ్వులు. ఈసారి ఆయన మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "చూడమ్మా. రూలు ప్రకారం నేను చూడాల్సింది నీ సంతకం ఒక్కటే. పైన ఏం రాసుకున్నావో నాకనవసరం. కానీ మన వంశ మందిరంలో చదువుకున్నవాళ్ళ బోర్డు మీద నీ పేరు రాయించింది నేను. మీ నాన్న పక్కనే నిలబడి, అక్షరం వంకరపోయిందని రెండుసార్లు తుడిపించాడు. రేపు ఆయనొచ్చి నా బిడ్డ నాలుగేళ్ళు ఎవడు మింగాడురా అంటే నేనేం చెప్పాలి? ఫ్యాక్టరీ సంగతి ఆయనకు తెలుసా?"

"తెలుసు."

"ఏమని తెలుసు?"

 ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగమని మియెన్ నాన్నకు చెప్పి ఉంచింది.

"మీ నాన్నను తీసుకురా. ఆ గడిలో ఏం రాయాలో ఆయన నోటితో చెప్పమను. ఆ నిమిషమే ముద్ర వేస్తా. నాలుగున్నర దాటితే నేను ఉండను, మా బావమరిది ఇంట్లో పెళ్ళి." పత్రం కిటికీలోంచి బయటికి తోశాడు. "తర్వాత ఎవరు? స్వాన్ వదినా, నువ్వు తెచ్చింది కరెంటు బిల్లు. ఆసుపత్రి కాగితం ఏదీ?"

పదకొండున్నరకు కిటికీ మూశారు. మళ్ళీ ఒకటిన్నరకు తీస్తారు. బయట లావోస్ కొండల మీంచి దిగిన వేడి గాలి కొడుతోంది. జూన్‌లో ఆ గాలికి అరటాకులు కూడా అంచులు మాడిపోతాయి. మియెన్ స్కూటరెక్కి కాలు కాలిన పిల్లిలా ఊరంతా తిరిగింది. మైకు గది ముందు నుంచి మూడుసార్లు పోయింది, మూడుసార్లూ ఆగకుండా పోయింది. ఉప్పు మడుల దాకా వెళ్ళి అక్కడేం పని లేదని తిరిగొచ్చింది. టీ కొట్టులో పచ్చాకు టీ చెప్పి, అది వచ్చేలోపే లేచింది.

"ఏమైందే?" అని థోవా ఫోను చేసింది.

"నాన్నను అడగాలంట."

"అడుగు మరి."

"నువ్వు అడుగుతావా మీ నాన్ననైతే?"

"మా నాన్నకు నేను ఎన్నో తరగతిలో మానేశానో కూడా గుర్తులేదు. అదృష్టవంతురాల్ని" అంది థోవా. "ఇదిగో, పదింటి తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగరు రేపు. మా లైన్లో ఒక్క ఖాళీ ఉంది. నీ కోసం అట్టే పెట్టా. ఆలస్యం చేశావంటే వేరేవాళ్ళకిస్తా, నన్ను తిట్టుకోకు."

మియెన్‌కు నాన్నంటే భయం లేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా తిట్టింది కూడా లేదు. ఆయన ముఖం పడిపోవడం చూడలేదు ఇంతవరకు, అదే భయం. అయినా రెండింటికి మైకు గది ముందు స్కూటర్ ఆపింది. ఆపాక కూడా తాళం తియ్యకుండా కాసేపు దాని మీదే కూర్చుంది.

ఖామ్ సాయంత్రం చదవాల్సిన కాగితాలు వరసలో పెట్టుకుంటున్నాడు. మైకులో గొంతే గాని మనిషి కనపడడని తెలిసినా, ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చొక్కా లేకుండా ఆ కుర్చీలో కూర్చోలేదు. పక్కన చెక్క స్కేలు. వరస తప్పకుండా దాన్ని కాగితం మీద కిందికి జరుపుతూ చదువుతాడు.

"ముద్ర పడిందా?" అన్నాడు తలెత్తకుండా.

"పడలేదు. నాన్నా, ఆ ఉద్యోగం ఆఫీసులో కాదు. లైన్లో. బూట్ల అడుగులకు జిగురు రాయడం."

ఆయన స్కేలు పక్కన పెట్టాడు.

"జిగురు రాయడానికి నిన్నెవరు రమ్మన్నారు?"

"నువ్వే."

"నేనా?"

"పొద్దున ఐదున్నరకి. నిన్న కూడా. మొన్న కూడా. మూడు వందల మంది కావాలి, వయసు పద్దెనిమిది నుంచి ముప్పై ఐదు, చదువు తొమ్మిది నుంచి పన్నెండు. దాని తర్వాత ఇంకో వరస ఉంది నాన్నా. ఆ ట్రేలోనే ఉంటుంది, చూడు."

ఆయన ట్రేలోంచి ఆ కాగితం తీసి, అలవాటు చొప్పున స్కేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. చివరి వరస దగ్గర స్కేలు ఆగిపోయింది. "డిగ్రీ, డిప్లొమా కలవారు దరఖాస్తు చేసుకొననవసరం లేదు." ఇంకోసారి చదివాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేదో సవరణ ఉంటుందేమోనని.

"వారం రోజులుగా చదువుతున్నా దీన్ని" అన్నాడు. "నేను చదివేది నా చెవికెక్కదమ్మా. ఎవరో చెప్తున్నట్టుంటుంది."

"వూంగ్ బాబాయ్ నిన్ను రమ్మంటున్నాడు. యూనివర్సిటీలో ఉన్న నాలుగేళ్ళు నేనేం చేశానో నువ్వు చెప్పాలంట. నువ్వు చెప్పింది రాస్తే ముద్ర వేస్తాడంట."

"అంటే చదవలేదని చెప్పాలా? నేను?"

"అవును."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూడ్డానికి స్తంభం తప్ప ఏమీ లేదు. "ఇంకో ఏడు ఆగి చూద్దాం. ఎక్కడో ఒక చోట..."

"ఇంకో ఏడు ఆగితే ఇంకో ఏటి పిల్లలు పట్టాలు పట్టుకుని దిగుతారు. అప్పుడు నాది పాత పట్టా అయిపోతుంది. ఇప్పుడే ఎవడూ చూడటం లేదు, అప్పుడు ముట్టుకుంటారా?" మియెన్ గొంతు పెరిగింది. పెరిగాక ఇక ఆపుకోలేకపోయింది. "పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలియట్లేదు నాన్నా. అమ్మ గిన్నె కూడా కడగనివ్వదు, డిగ్రీ చదివిన చేతులంటుంది. బియ్యప్పిండి రుబ్బుతానంటే లాక్కుంటుంది. బయటికెళ్తే ఇంకా రాలేదా ఉద్యోగం అంటారు. నన్ను అల్మారాలో పెట్టి తాళం వేసినట్టుంది. నాకు పని కావాలి. ఏదైనా సరే. చేతులు నొప్పెట్టేంత పని కావాలి."

 ఆయన ముఖం పడిపోతుందని ఆమె ఎదురుచూసింది. పడిపోలేదు. ముసలిదైంది, అంతే. అది ఆమెకు ఇంకా కష్టంగా అనిపించింది. తర్వాత ఆయన మైకు మీద గుడ్డ కప్పి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పద" అన్నాడు. స్కూటర్ వెనక ఎక్కమంటే ఎక్కలేదు. ముందు నడిచాడు. మియెన్ బండి తోసుకుంటూ వెనక నడిచింది. దారిలో పలకరించినవాళ్ళకు ఆయన తలూపాడు గాని ఎక్కడా ఆగలేదు. ఆఫీసు మెట్ల దగ్గర ఒక్కసారి చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

మూడున్నరయింది. స్వాన్ అత్త ఇంటికెళ్ళి ఆసుపత్రి కాగితం తెచ్చుకుని మళ్ళీ వరసలో నిలబడి ఉంది. ఖామ్‌ను చూడగానే వరసలో మాటలు తగ్గాయి. ఎవరూ చెప్పకుండానే తప్పుకుని దారిచ్చారు.

"అన్నయ్యా, నన్ను తప్పుగా అనుకోకు" అన్నాడు వూంగ్ లేచి నిలబడి. "నాకేం పట్టుదల లేదు. నీకు తెలియకుండా..."

"సరేలేరా. మియెన్, పత్రం పరుచు. పెన్ను తియ్యమ్మా. చేతిరాత మారకూడదు, నువ్వే రాయాలి."

మియెన్ కిటికీ గట్టు మీద పత్రం పరిచి వంగింది. ఖామ్ చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, ఊరంతటికీ తెలిసిన ఆ గొంతుతో మొదలుపెట్టాడు.

"రెండు వేల పద్దెనిమిది సెప్టెంబరు నుంచి, రెండు వేల పంతొమ్మిది నవంబరు వరకు. ఇంటి వద్ద. వేరుశెనగ సాగు. బియ్యపు పిండి రొట్టెల వ్యాపారంలో తల్లికి సాయం."

మియెన్ రాసింది. ఆ నవంబరుకు ఆమె రెండో ఏడు చదువుతోంది. ఇంటి నుంచి పంపిన వేరుశెనగలు హాస్టల్ గదిలో నలుగురు పంచుకు తినేవారు. సాగుకు సంబంధించి ఆమెకు తెలిసింది అంతే.

"బాతులు కూడా రాయించన్నా" అంది స్వాన్ అత్త. "మా బాతులు తోలిందని రాయి. నేనేం కాదననులే."

ఒకరిద్దరు నవ్వారు. ఖామ్ కూడా కొంచెం నవ్వాడు. "బాతుల పెంపకంలో ఇరుగుపొరుగుకు సాయం. రాశావా?"

"రాశా నాన్నా."

"రెండు వేల పంతొమ్మిది డిసెంబరు." అక్కడ ఆగాడు. మైకులో ఆయన మధ్యలో ఆగడం ఎవరూ ఎరగరు. తుఫాను వార్త చదివేటప్పుడు కూడా ఆగేవాడు కాదు. "రెండు వేల పంతొమ్మిది డిసెంబరు. నాయనమ్మకు జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకుంది. చివరి దాకా."

మియెన్ పెన్ను కాగితానికి అంటుకుపోయింది.

ఆమెను పెంచింది నాయనమ్మ. అమ్మ తెల్లారకముందే రొట్టెల గంప ఎత్తుకుని సంతకు పోతే, తల దువ్వి బడికి పంపింది, పళ్ళు లేని నోటితో చేపముళ్ళు ఏరి పెట్టింది ఆవిడే. ఆవిడ పోయింది ఒక మంగళవారం. ఆ మంగళవారం మియెన్ హనోయిలో పరీక్ష రాస్తోంది. జబ్బు చేసిన సంగతి గాని, పోయిన సంగతి గాని ఆమెకు చెప్పొద్దని ఇంట్లో అందరికీ ఆనపెట్టింది ఖామే. ఇంకా రెండు పరీక్షలున్నాయి, అవి అయ్యాక చెబుదామన్నాడు. శనివారం ఆమె బస్సు దిగేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. గుమ్మం దగ్గర పోయినవాళ్ళ కోసం తలకు కట్టుకునే తెల్ల గుడ్డ చేతికిచ్చారు. ఆ రోజు ఆమె నాన్నతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గాని, ఆ విషయం మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఆ పరీక్షలో ఆమెకు తొంభై మార్కులొచ్చాయి.

"నాన్నా, నేను..."

"రాయమ్మా" అన్నాడు ఖామ్. మైకు గొంతు పోయింది. అది మామూలు ముసలాయన గొంతు. "యూనివర్సిటీకి పోలేదంటే నువ్వు ఇంట్లోనే ఉన్నట్టు కదా. ఇంట్లో ఉన్నదానివి ఆమె దగ్గర లేకుండా ఎక్కడికి పోతావ్?"

  మియెన్ రాసింది. 'నాయనమ్మ' అన్న మాట దగ్గర అక్షరాలు గడి దాటి బయటికి పోయాయి. 'చివరి దాకా' అని రాసేటప్పటికి కాగితం మీద గీతలు సరిగా కనపడలేదు. కళ్ళు తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోలేదు.

మిగిలిన రెండున్నరేళ్ళూ ఖామ్ ఒక్క వరసలో చెప్పేశాడు. ఇంటి వద్ద, సాగు. ఆమె కింద సంతకం పెట్టి పత్రం లోపలికి తోసింది.

వూంగ్ కళ్ళజోడు పెట్టుకుని మూడో పేజీ చూశాడు. ఈసారి పైకి చదవలేదు. ఆ డిసెంబరులో పాడె ముందు కొమ్ము మోసినవాళ్ళలో ఆయనొకడు. ఆ పిల్ల రాలేదేమని నలుగురు అడిగితే, పరీక్షలని సర్ది చెప్పింది కూడా ఆయనే. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత సొరుగు లాగి, ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, సంతకం పక్కన గట్టిగా అద్దాడు.

"ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు. "నేను చూశానని చెప్పు."

ఖామ్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. మియెన్ పత్రం రెండు చేతుల్తో పట్టుకుని, సిరా ఆరేదాకా కిటికీ పక్కనే నిలబడింది. ఇక రేపు పని దొరికినట్టే. పొద్దుటి నుంచి పరిగెత్తిన కాళ్ళకు ఇప్పుడు ఎటు కదలాలో తెలియలేదు.

స్వాన్ అత్త తన కాగితం లోపలికిచ్చి, ఇటు తిరగకుండానే అంది, "నేను కూడా చూశాగా. ఈ పిల్ల రోజూ ముసలామె పక్కలో కూర్చుని జావ తాగించేది."

మియెన్ ఆమె దగ్గరికి జరిగింది.

"ఏం జావ అత్తా?"

"పాముచేప జావ. ఉల్లికాడలు సన్నగా తరిగేసి" అంది స్వాన్ అత్త. "ఇంకొకరు తాగిస్తే తాగేది కాదు. నువ్వు తాగిస్తేనే తాగేది."